దాగుడుమూతల్లో గెలిచినవాడు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఇదీ: కడుపులో ఉన్నది తమ్ముడిలాంటి బిడ్డేనని తేలితే, వద్దనే మాట తన నోటినుంచే వస్తుందేమోనని.

తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది తనే. అమ్మ లాండ్రీలో ఇస్త్రీ పనికి కుదరగానే, వాడి కోసం తొమ్మిదో తరగతి సగంలో పుస్తకాల సంచి మేకుకి తగిలించేసింది తనే. అలాంటిది తనే ఆ మాట అంటే, ఇక వాడి ఎదుట ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

ఈ భయం చెప్పుకోవడానికి అత్తగారింట్లో మనిషి లేరు. భయం సంగతి అలా ఉంచండి, ఆమెకొక తమ్ముడున్నాడన్న సంగతే ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

నిన్న సాయంత్రం డాక్టరమ్మ దగ్గర్నుంచి ఫోనొస్తే అత్తగారు ఎత్తారు. అప్పట్నుంచి ఇల్లు ఇల్లులా లేదు.

"ఉన్నదున్నట్టు చెప్తున్నా విను," అన్నారు అత్తగారు పొద్దున్నే, గిన్నెని సింకులో వేసి కసిగా రుద్దుతూ. వింటున్నది కొడుకు. వినిపిస్తున్నది కోడలికి. "'రక్తపరీక్షలో కాస్త తేడా కనబడింది, రేపు రమ్మనండి' అంది ఆ ఫోను పిల్ల. తేడా అంటే ఏమిటమ్మా అంటే, 'అది డాక్టరుగారే చెప్తారండీ' అని టక్కున పెట్టేసింది. రాత్రి నాకు కన్ను మూతపడితే ఒట్టు."

"వెళ్తున్నాం కదమ్మా. అక్కడే తెలుస్తుంది," అన్నాడు కొడుకు.

"అక్కడ తెలిసేది అక్కడ తెలుస్తుంది. ఇక్కడ మనం మాట్లాడుకోవద్దా?"

అతను లిఫ్టు మెకానిక్కు. జవాబు టీ గ్లాసు అడుగున ఉన్నట్టు అందులోకే చూశాడు.

"చూశావా వరస," అన్నారు అత్తగారు కోడలితో. "ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేస్తాడు. తను మాత్రం ఎప్పుడూ రెండంతస్తుల మధ్యే ఆగుతాడు."

ఇంకో రోజైతే కోడలికి నవ్వొచ్చేది. ఇవాళ తుడిచిన కప్పునే మళ్లీ తుడిచింది.

అత్తగారు బడి క్యాంటీన్ ఏళ్ల తరబడి నడిపిన మనిషి. వెనక్కొచ్చిన పళ్లెం చూసి ఏ పిల్లాడికి ఒంట్లో బాగాలేదో, ఏ పిల్ల ఇంట్లో గొడవ జరిగిందో చెప్పేసేవారట. తన కన్నుగప్పి ఈ లోకంలో ఏదీ జరగదని ఆవిడ గట్టి నమ్మకం.

"మావైపు మూడు తరాలు నాకు తెలుసు. ఎవరికీ ఏ లోటూ లేదు. మా ఆడపడుచు కొడుక్కి కాస్త నత్తి ఉండేది. పెళ్లయ్యాక అదీ పోయింది, పెళ్లాం మాట్లాడనిస్తేగా. ఇటువైపు చూద్దామా అంటే ఒక్కతే కూతురు. ఇంకెవరున్నారు చూడ్డానికి?"

కప్పు చేతిలో ఆగిపోయింది.

"ఏమ్మా, నిన్నే. మీవాళ్లలో అలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా? చెబితే ఎవరూ కొరుక్కు తినరు."

మాట గొంతుదాకా వచ్చింది. నాలుక మీదికి కూడా వచ్చింది.

"అమ్మా, ఇక చాలు. దాన్ని వదిలెయ్," అన్నాడు అతను.

భార్యని కాపాడాననే అనుకున్నాడు పాపం. ఎప్పుడూ మాట్లాడని మనిషి ఆ ఒక్క క్షణం కూడా మాట్లాడకుండా ఉంటే బాగుండేది. వచ్చిన మాట వచ్చినట్టే లోపలికి జారిపోయింది.

*

తమ్ముడికి పెట్టిన పేరొకటుంది గాని, పిలిచేవాళ్లు లేరు. అందరికీ వాడు సిపాయి.

చిన్నప్పుడు లాండ్రీ గేటు దగ్గర వాచ్‌మన్ కొట్టే సెల్యూట్ చూసి నేర్చుకున్నాడు. తలుపు తట్టింది పాలవాడైనా, కరెంటు మీటరు చూసేవాడైనా, కాళ్లు దగ్గరికి చేర్చి, చెయ్యి నుదుటికి ఆనించి నిలబడతాడు. అవతలివాళ్లు తిరిగి కొట్టేదాకా చెయ్యి దించడు. కొందరు నవ్వుతూ కొడతారు. కొందరు విసుక్కుంటూ కొడతారు. వాడికి రెండూ ఒకటే. అప్పుడు చెయ్యి దించి, లోపలికి రమ్మని దారిస్తాడు.

ఫోనెత్తినా అంతే. మాట్లాడడు, సెల్యూట్ కొడతాడు. అవతలివాళ్లకి అది కనబడదురా అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఒక్కటి మాత్రం అక్క దగ్గర బాగా నేర్చుకున్నాడు: ఎవరైనా తలుపు తడితే ముందు ఫోను సరిగ్గా పెట్టేసి, ఆ తర్వాతే గడియ తీయాలి.

అత్తగారింటివాళ్లు సంబంధం మాట్లాడ్డానికి వచ్చిన రోజు పొద్దున అమ్మ ఆమెని పక్కకి పిలిచింది. "ఈ ఒక్కసారికీ," అంది. "పెళ్లయిపోనీ. నిదానంగా మనమే చెబుదాం."

సిపాయిని పై మేడకి తీసుకెళ్లి, టైలరమ్మ ఇంట్లో కుట్టుమిషను వెనక కూర్చోబెట్టింది అక్కే. "దాగుడుమూతలు. కదలకూడదు. మేం వెతుక్కుంటూ వస్తాం," అంది.

వాడు కదలలేదు. కింద వచ్చినవాళ్లు తిన్నారు, మాట్లాడుకున్నారు, నవ్వుకున్నారు, వెళ్లారు. చీకటి పడ్డాక అక్క పైకి వెళితే గుడ్డముక్కల మధ్య మోకాళ్లు దగ్గరికి లాక్కుని అలాగే కూర్చుని ఉన్నాడు. మొహమంతా నవ్వు.

"నేనే గెలిచా," అన్నాడు. "ఎవరూ కనుక్కోలేదు."

నిదానంగా చెబుదామన్న ఆ రోజు ఇంతవరకూ రాలేదు. అమ్మని చూసొస్తానని చెప్పి వెళ్లి వాణ్ణి చూసొస్తూ ఉండేది. కడుపు కనబడటం మొదలయ్యాక అమ్మ అదీ మానిపించింది. "ఇప్పుడు నిన్ను ఒంటరిగా పంపరు. మీ ఆయన తోడొస్తానంటాడు. రాకు తల్లీ," అంది. తను ఇక రాదని సిపాయికి ఎవరు చెప్పారో, ఏమని చెప్పారో ఆమెకి తెలియదు.

*

డాక్టరమ్మది పెద్ద ఆస్పత్రేమీ కాదు. వీధి చివర ఇంటికి ముందు రెండు గదులు. బయట గదిలో గోడవారగా పొడుగుబల్ల, లోపలి గదిలో పచ్చ తెర, ఒక బరువు చూసే మిషను. దాని ముల్లు ఎవరూ ఎక్కకపోయినా సున్నాకి కాస్త అవతలే నిలబడుతుంది. లిఫ్టు మెకానిక్కుకి చిన్నప్పుడు సూదులు వేసింది ఈ గదిలోనే.

డాక్టరమ్మ పద్ధతొకటుంది. ఇంట్లో ఒకరికి జ్వరమొస్తే వెంట వచ్చినవాళ్లందరి నాలుకలూ చూసేస్తారు. ఒక్కర్నే లోపలికి పిలిచి తలుపేసుకోవడం అన్నది ఆ గదిలో లేదు. అది చనువు అని ఆవిడా అనుకున్నారు, వచ్చేవాళ్లూ అనుకున్నారు.

అలవాటు ప్రకారమే ముగ్గురూ లోపలికి వెళ్లారు. పేషెంటు కుర్చీలో అత్తగారు కూర్చున్నారు. కోడలికి స్టూలు దొరికింది. కొడుకు తెర పక్కన నిలబడ్డాడు.

"ముందు ఒకటి అర్థం చేసుకోవాలి," అన్నారు డాక్టరమ్మ. "ఇది బిడ్డకి ఏదో ఉందని తేల్చే పరీక్ష కాదు. ఉండే అవకాశం ఎంత అని అంచనా వేసేది. ఆ అంచనా మామూలుకంటే కాస్త ఎక్కువొచ్చింది. దేనికంటే, డౌన్ సిండ్రోమ్ అంటారు, పుట్టుకతోనే పిల్లల ఎదుగుదల నిదానంగా ఉండేది."

కోడలు స్టూలు అంచు పట్టుకుంది. ఒకప్పుడు పెద్దాస్పత్రిలో అమ్మకి చెప్పిన మాట అదే. ఇన్నేళ్లూ అమ్మ పెదవి దాటనివ్వని మాట, ఇక్కడ ఫ్యాను కింద అందరి మధ్యా తిరుగుతోంది.

"ఎవరివైపునుంచి?" అన్నారు అత్తగారు.

"అలా వైపులేం ఉండవండీ. చాలామందిలో అనుకోకుండా జరిగేదే. పైగా మీ రెండు కుటుంబాల్లోనూ ఎవరికీ లేదని మొదటిరోజే రాసుకున్నాం కదా."

"రాసుకున్నారు. నేనేగా చెప్పింది."

నిజమే, ఆవిడే చెప్పారు. మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరమ్మ కోడలివైపు చూసే అడిగారు, మీ పుట్టింట్లో పుట్టుకతో ఏదైనా లోపం ఉన్నవాళ్లున్నారా అమ్మా అని. కోడలు నోరు తెరిచేలోపే పక్క కుర్చీలోంచి జవాబొచ్చింది: "ఒక్కతే కూతురండీ, ఇంకెవరూ లేరు." డాక్టరమ్మ కలం కదిలింది. కోడలు తలూపింది. అంతే.

"డాక్టరమ్మా." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. "నేను ఒక్కదాన్నే మాట్లాడొచ్చా?"

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నేను పరాయిదాన్నా?" అన్నారు అత్తగారు. "నీ వాంతులన్నీ ఎత్తిపోసింది ఎవరు?"

"మీరే అత్తయ్యా."

"మరి?"

"అందుకే. మీ ఎదురుగా చెప్పలేను."

అత్తగారు లేవలేదు. కొడుకు వచ్చి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. "రామ్మా," అన్నాడు. తల్లిని బయటికి రమ్మనడం అతనికీ కొత్తే. ఆవిడ కొడుకువైపోసారి, కోడలివైపోసారి చూసి లేచారు.

ఎప్పుడూ మూసే అలవాటు లేని తలుపు. సగంలో బిగుసుకుంటే డాక్టరమ్మ భుజం ఆనించి నెట్టాల్సొచ్చింది.

*

"నాకో తమ్ముడున్నాడు."

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"మీరిందాక చెప్పారే, అదే వాడికి. పెద్దాస్పత్రిలో చెప్పారు. నేనే పెంచాను. బాగానే ఉంటాడండీ. దుప్పటి మడత పెట్టాడంటే అంచు అంచుకి తగలాల్సిందే. నేను వెళ్లకపోతే అలిగి అన్నం మానేస్తాడు, మళ్లీ తనే అడిగి తింటాడు." ఎందుకు ఇదంతా చెబుతోందో ఆమెకే తెలియలేదు. "అబద్ధం చెప్పాలనుకోలేదండీ. తలూపేశాను."

"అడిగింది నిన్ను. రాసుకున్నదేమో ఆవిడ మాట." డాక్టరమ్మ ఖాళీగా ఉన్న పేషెంటు కుర్చీవైపు చూశారు. "ఈ తలుపు ఆ రోజే వేసుండాల్సింది. తప్పు నాది తల్లీ."

"ఇప్పుడేమవుతుందండీ?"

"చెప్తాను. క్రోమోజోములని బడిలో చెప్పుంటారు—"

"ఆ పాఠం రాకముందే మానేశానండీ."

"పోనీలే. ఒంట్లో ప్రతి కణంలోనూ జతలు జతలుగా పోగులుంటాయనుకో. మీ తమ్ముడికి ఒక జత దగ్గర మూడో పోగు ఉంది. చాలామందిలో అది అనుకోకుండా వచ్చి చేరుతుంది, ఇంట్లో ఇంకొకరికి రావాలని లేదు. కొద్దిమందిలో మాత్రం ఆ పోగు వేరే పోగుకి అతుక్కుని ఉంటుంది. అలాంటిదైతే తల్లిలోనో తండ్రిలోనో, అక్కలోనో, బయటికి ఏమీ కనబడకుండానే ఉండొచ్చు. మీ తమ్ముడిది ఏ రకమో తెలియాలి. నీ రక్తం ఇవాళే పంపిస్తాను. వాడిది కూడా చూడగలిగితే మంచిది."

"వాడు ఇక్కడికి రావాలా?"

"తీసుకురాగలిగితే."

ఆమె కిటికీవైపు చూసింది. ఈ వీధిలో, పగటిపూట, నలుగురి మధ్య తమ్ముడి చెయ్యి పట్టుకుని నడవడం. ఎంత చిన్న సంగతి. ఎన్నేళ్లుగా చేయలేదో.

"ఇలాంటి అంచనా వచ్చిన తల్లుల్ని వందమందిని వరసగా నిలబెడితే, ఏ ఇద్దరు ముగ్గురి బిడ్డలకో నిజంగా ఉంటుంది," అన్నారు డాక్టరమ్మ. "మిగతావాళ్లకి ఉండదు. కానీ అది మీ తమ్ముడి సంగతి తెలియక వేసిన లెక్క, అందుకే మళ్లీ చూడాలంటున్నాను. నీ రక్తంలోంచే బిడ్డ సంగతి చూసే ఇంకో పరీక్ష ఉంది. దీనికంటే నమ్మకమైందే గాని, అదీ చివరి మాట కాదు. ఖాయంగా తెలియాలంటే సూదితో ఉమ్మనీరు తీయాలి. దానివల్ల కడుపు పోయే ప్రమాదం కొంచెం ఉంది, తక్కువే, కానీ ఉంది. ఇవేవీ నాకొద్దు అని కూడా అనొచ్చు. అలా అన్నా నిన్ను చూసే డాక్టర్ని నేనే."

"తెలిశాక?"

"తెలిశాక ఏం చేయాలన్నది మీ ఇద్దరిదీ. ముందుగా నీది."

"అదేనండీ భయం." అంది ఆమె. "వద్దంటానేమో. వాడి అక్కని, నేనే వద్దంటానేమో. వాడిలాంటి బిడ్డతో ఎంత కష్టమో నాకు తెలుసు. జనం అనుకునేంత కష్టం కాదనీ తెలుసు. రెండూ తెలిసినదాన్ని, నేనేం చెప్పను?"

చేతులు కడిగే చోట కొళాయి బొట్టు బొట్టుగా కారుతోంది. డాక్టరమ్మ లేచి వెళ్లి బిగించి వచ్చారు.

"మీరైతే ఏం చేస్తారండీ?"

"అది నేను చెప్పానంటే, మొదటిరోజు ఆ కుర్చీలో మీ అత్తగారు చేసిన పని ఇవాళ నేను చేసినట్టవుతుంది." డాక్టరమ్మ ఆమె చెయ్యి మీద చెయ్యి వేశారు. "భయపడ్డంత మాత్రాన వద్దన్నట్టు కాదు. ఇవాళ జవాబు చెప్పక్కర్లేదు. బయట వాళ్లకి నన్ను చెప్పమంటావా? వద్దంటే నోరు విప్పను."

"వద్దండీ," అంది ఆమె. "నేనే చెప్తాను."

*

రక్తం తీసిన చోట దూది నొక్కుకుంటూ బయటికి వచ్చింది. పొడుగుబల్ల మీద తల్లీకొడుకులు ఎడంగా కూర్చున్నారు. ఇద్దరి మధ్యా ఖాళీ చోటు ఆమె కోసమే ఉన్నట్టుంది గాని, ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది. తమ్ముడున్నాడని, ఎలాంటివాడని. ఇన్నాళ్లూ దాచామని.

అతను ముందుకి వంగి మోచేతులు మోకాళ్ల మీద ఆనించుకున్నాడు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు నేలవైపు చూస్తూ.

"చెప్పుంటే ఏం చేసేవారు?"

"తెలీదు," అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

అత్తగారు మాత్రం కోడలి మొహంలోకే చూస్తున్నారు.

"మేం మీ ఇంటికొచ్చిన రోజు వాడెక్కడున్నాడు?"

"పైన, టైలరమ్మ ఇంట్లో. దాగుడుమూతలని చెప్పి కూర్చోబెట్టాం."

"ఎంతసేపు?"

"చీకటి పడేదాకా."

"ఏమైనా తిన్నాడా?"

ఇలాంటి ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. "లేదత్తయ్యా. టైలరమ్మ పెడతానన్నా తినలేదట. కదిలితే ఓడిపోతానని."

అత్తగారు చేతిసంచి భుజానికి తగిలించుకుని లేచారు. "ఆ రోజు నేను రెండోసారి అడిగి మరీ వడ్డించుకున్నాను మీ ఇంట్లో," అన్నారు. "మీ అమ్మ నవ్వుతూ వడ్డించింది. నా కళ్లలో, నా ఎదుటే, దుమ్ము కొట్టింది."

"అత్తయ్యా—"

"నాతో ఇప్పుడేం మాట్లాడకు."

గేటు దాటి ఇంటివైపు తిరగలేదు. రెండోవైపు, బస్సులు ఆగే చోటివైపు నడిచారు. అక్కడి బస్సు కోడలి పుట్టింటివైపే వెళుతుందని ముగ్గురికీ తెలుసు.

అతను లేచాడు. గేటుకీ బల్లకీ మధ్య ఆగిపోయాడు.

"వెళ్లండి," అంది ఆమె. "ఆవిడ వెంట వెళ్లండి."

వెళ్లాడు. అతను కనుమరుగయ్యాక ఆమెకి కళ్లు తిరిగాయి. నర్సు పట్టుకుని లోపల మంచం మీద పడుకోబెట్టింది. "కాసేపు లేవడానికి వీల్లేదు," అన్నారు డాక్టరమ్మ.

పడుకునే లాండ్రీకి ఫోను చేసింది. అమ్మ ఇస్త్రీ మిషన్ల దగ్గరుంది, పనిలో ఉన్నవాళ్లని పిలవం అన్నారు. కాసేపటికి భర్త ఫోను చేశాడు. "బస్సు నా కళ్లెదుటే వెళ్లిపోయింది. అమ్మ అందులోనే ఉంది. తర్వాతి బస్సుకి వెళ్తున్నా," అన్నాడు. అని, పెట్టేయబోతూ ఆగాడు. "వాణ్ణి ఏమని పిలుస్తారు?"

"సిపాయి."

"సరే," అన్నాడు.

ఆమె పుట్టింటికి ఫోను చేసింది. మోగింది, మోగింది. ఎత్తారు. అవతల మాట లేదు, ఊపిరి మాత్రం వినబడుతోంది. సెల్యూట్ కొడుతున్నాడు.

"నేనేరా. అక్కని."

ఊపిరి వేగంగా ఆడింది.

"కొట్టావులే, నేనూ తిరిగి కొట్టాను. చెయ్యి దించు." పడుకునే ఆమె నిజంగానే చెయ్యి నుదుటికి ఆనించింది. నర్సు వింతగా చూసింది. "నాన్నా, విను. ఇప్పుడు ఒకావిడ వస్తారు—"

అవతల తలుపు చప్పుడైంది. మెల్లగా కాదు. అరచేత్తో కొట్టిన చప్పుడు.

పై మేడకి పొమ్మని చెప్పొచ్చు. టైలరమ్మ ఉంటుంది. కుట్టుమిషను వెనక చోటు ఇప్పటికీ ఉంటుంది. ఆట అంటే చాలు, వాడు నోరెత్తకుండా వెళతాడు. మళ్లీ వాడే గెలుస్తాడు.

రెండోసారి చప్పుడైంది.

"తలుపు తీయి," అంది ఆమె. "దాక్కోకు. వెళ్లి తలుపు తీయి నాన్నా."

వాడు నేర్పినట్టే చేశాడు. ముందు ఫోను సరిగ్గా పెట్టేశాడు.

ఆ తర్వాత జరిగింది ఆమెకి వినబడలేదు. మళ్లీ మళ్లీ చేస్తోంది, మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. లేవబోతే నర్సు లేవనివ్వడం లేదు. అతని బస్సు ఇంకా దారిలోనే ఉంది.

మీలో ఎవరి ఇల్లయినా అటువైపు ఉంటే ఒక్కసారి వెళ్లి చూడండి. లాండ్రీ వెనక సందులో, పైన కుట్టుమిషను చప్పుడు వినబడే ఇల్లు. తలుపు తీసే ఉంటుంది. గుమ్మంలో ఒక కుర్రాడు కాళ్లు దగ్గరికి చేర్చి నిలబడి ఉంటాడు, ఎదురుగా చేతిసంచితో ఒక పెద్దావిడ. ఆవిడ చెయ్యి ఎక్కడుందో చూడండి. ఇంకా లేవకపోతే, మీరైనా వాడికి తిరిగి సెల్యూట్ కొట్టండి.

కొట్టేదాకా వాడు చెయ్యి దించడు.